స్కేలమ్మ తీసిన ఫోటో

మా వదిన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆదివారాలు గుహల్లోకి దిగుతుంది. ఈ రెండు పనులకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకు ఆవిడ చెప్పే జవాబు ఒకటే: "రెండూ చీకటి పనులే."

నేను ఆవిడ ఆడపడుచును. ఆడపడుచు అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఆ లెక్కన ఆవిడ మీద నాకు సగం అధికారమైనా ఉండాలి. ఒక్కరోజూ సాగలేదు. అందుకే ఆవిడ గురించి నేను మంచిమాట చెబితే కళ్ళు మూసుకుని నమ్మవచ్చు. వదిన గురించి ఆడపడుచు నోట మంచిమాట ఊరికే రాదు.

ఆవిడ పొట్టి. ఎక్స్‌రే యంత్రం తల పైకి జరపాలంటే చెక్కపీట ఎక్కుతుంది. కానీ పిట్ట కొంచెం కూత ఘనం. సీసపు గౌను తొడుక్కుని, ఇనుప తలుపు వెనక నిలబడి, "గట్టిగా ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలకండి" అని ఆవిడ అన్నదంటే కదిలినవాడు లేడు. తాగి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు, ఇంజెక్షనుకే ఆసుపత్రి కప్పు లేపే పిల్లలు, నర్సులందరినీ కసురుకునే పెద్దమనుషులు, అందరూ బొమ్మల్లా అయిపోయేవారు. ఒకసారి దగ్గు తగ్గక నేనూ వెళ్ళాను. ఆవిడ "వదలండి" అనడం మరిచిపోయి లోపల ఫిల్ము కడుక్కుంటోంది. నేను కళ్ళు తేలేసి నిలబడ్డాను తప్ప ఊపిరి వదల్లేదు. ఆ గొంతు అలాంటిది.

ఇదంతా ఫిల్ములు చేత్తో కడిగే రోజుల మాట. ఎక్స్‌రే గదికి ఆనుకుని ఒక చీకటిగది ఉండేది. అందులో ఎర్రబల్బు, మూడు తొట్టెలు, గోడకు తగిలించిన క్లిప్పులు. వదిన సగం ఉద్యోగం ఆ చీకట్లోనే గడిచింది. బయటికి వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళకు ఒక పుల్లటి వాసన ఉండేది. అన్నం కలిపేటప్పుడు అన్నయ్య ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

కెప్టెన్ మాకు పరిచయమైంది ఆ గది గుమ్మం దగ్గరే. ఆయనది రంగుల కొట్టు. గోడలకు, తలుపులకు వేసే రంగులు అమ్ముతాడు. ఏ జట్టుకు కెప్టెనో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఊరి బయట కొండల్లో ఉన్న గుహలన్నీ ఆయనే వెతికిపట్టాడు. ఒక క్లబ్బు పెట్టి, జనాన్ని పోగుచేసి, తాళ్ళు కట్టి లోపలికి దింపేవాడు. లోపల ఫోటోలు తీసేవాడు. ఒకసారి జారిపడి పక్కటెముకలు ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చి, చీకటిగదిలోంచి వస్తున్న వదినను చూసి, "చీకటంటే భయం లేదామ్మా?" అన్నాడట. "భయపడితే జీతం ఎవరిస్తారండీ?" అందట ఈవిడ. ఆ తర్వాతి ఆదివారం మేం ముగ్గురం ఆయన వెనకాల కొండెక్కుతున్నాం. వదినకు ఉత్సాహం, అన్నయ్యకు ఆవిడను ఒంటరిగా పంపడం ఇష్టం లేదు, నాకు వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి ఎక్కడికైనా వెళ్తే నిద్ర పట్టదు.

కెప్టెన్ గురించి ఉన్నమాట చెప్పాలి. మంచివాడే. జారే బంకమట్టి మీద అడుగు ఎలా వేయాలో, ఇరుకు సందులో ఊపిరి వదిలేసి ఒంటిని ఎలా సన్నం చేసుకోవాలో ఓపిగ్గా నేర్పాడు. ఒకసారి అన్నయ్య మధ్యలో ఇరుక్కుని దేవుళ్ళందరినీ పిలుస్తుంటే, ఆయన బోర్లా పడుకుని, జోకులు చెబుతూ, అన్నయ్య కాళ్ళు పట్టుకుని బయటికి లాగాడు. మంచి ఫోటోగ్రాఫరు కూడా. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. గుహలో ఆయన మాటకు ఎదురు లేదు.

గుహలో ఫోటో తీయడం పైన తీసినట్టు కాదు. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద బిగిస్తారు. "చీకటి" అని కేక వేస్తారు. అందరూ తలకు కట్టుకున్న లైట్లు ఆర్పేయాలి. అప్పుడు షట్టరు తెరిచి వదిలేస్తారు. కటికచీకటిలో కెమెరా కన్ను తెరుచుకుని ఉన్నా దానికి ఏమీ కనిపించదు. తర్వాత రాళ్ళ వెనక దాక్కున్న మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఫ్లాషు బల్బులు పేలుస్తారు. ఒక్కో మెరుపుకు గదిలో ఒక్కో ముక్క ఫిల్ము మీదికి ఎక్కుతుంది. అన్నీ అయ్యాక షట్టరు మూసేస్తారు. ముక్కలన్నీ కలిసి ఫోటోలో ఒక్క గది అవుతాయి.

ఆ గదిని ఎవరూ చూసి ఉండరు. ఇది బయటివాళ్ళకు నమ్మకం కలగని విషయం. మన తలమీది లైటు ఒక వాకిలి మేర వెలుగు చూపిస్తుంది, అంతే. ఇటు తిప్పితే ఇటు గోడ, అటు తిప్పితే అటు గోడ. మెరుపు మెరిసినా రెప్పపాటే, అదీ ఒక మూలకే. పెద్ద గది మొత్తాన్ని ఒక్కసారిగా చూసేది ఫోటో ఒక్కటే. మేం పెద్దగది అని పిలుచుకునే గుహకు ఏళ్ళ తరబడి వెళ్ళాం. అది ఎలా ఉంటుందో కెప్టెన్ ఫోటోలు చూసి తెలుసుకున్నాం.

ఆ ఫోటోలన్నిట్లో మా వదిన ఉంది. గుహ ఫోటోలో మనిషి లేకపోతే అది కుండ లోపలో, కోట లోపలో ఎవరూ చెప్పలేరు. కొలతకు ఒక మనిషి నిలబడాలి. కెప్టెన్ మొదటిరోజే వదినను పైనుంచి కిందికి చూసి, "నువ్వే చెల్లెమ్మా" అన్నాడు. కారణం అందరికీ తెలుసు. పొట్టి మనిషి నిలబడితే గుహ పెద్దదవుతుంది. గోరంతను కొండంత చేయడం అంటే అదే. అందరం నవ్వుకున్నాం, ఆవిడా నవ్వింది. ఎర్ర స్వెట్టరు ఒకటి ఇచ్చి, కెమెరాకు వీపు పెట్టి నిలబడమన్నాడు. "మొహం కనిపిస్తే జనం మొహమే చూస్తారు, గుహని చూడరు" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ స్కేలమ్మ. వారమంతా జనాన్ని కదలొద్దని చెప్పే మనిషి ఆదివారం వచ్చేసరికి "చీకటి" అన్న కేక వినగానే ఊపిరి బిగబట్టి, గోడకేసి చూస్తూ, కదలకుండా నిలబడేది. అలా ఇరవై ఏళ్ళు నిలబడింది.

ఇదంతా ఒక మధ్యాహ్నంతో మారిపోయింది. పురపాలక సంఘం హాల్లో క్లబ్బు ఫోటోల ప్రదర్శన పెట్టారు. పెద్దగది ఫోటోను గుమ్మానికి ఎదురుగా, తలుపంత సైజులో తగిలించారు. ఒకావిడ కళ్ళజోడు సర్దుకుంటూ దాని దగ్గరికి వెళ్ళి, "ఈ ఎర్ర స్వెట్టరు ఎవరండీ?" అని అడిగింది.

"ఎవరూ కాదండీ, స్కేలు" అన్నాడు కెప్టెన్. తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు. రంగు డబ్బా మీద కొలత చెప్పినట్టు చెప్పాడు. ఆయనకు రెండడుగుల దూరంలో వదిన ఇంకో ఫోటోను సరిగ్గా తగిలిస్తోంది. సుత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మేకు మీద పడింది. ఆ దెబ్బకు మేకు తలదాకా గోడలోకి పోయింది.

ఇంటికి వచ్చాం. కంచాలు కడిగి బోర్లించాక వదిన అన్నయ్యతో అంది:

"ఇన్నేళ్ళు ఆ గదిలో నిలబడ్డానా? ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు."

"ఫోటోల్లో చూశావుగా" అన్నాడు అన్నయ్య.

"అది ఆయన చూసిన గది. అందులో నా వీపుంది. నా వీపు లేని గది నాకు కావాలి. నేనే తీస్తాను."

ఆసుపత్రి ఎదురుగా ఫోటో స్టూడియో మూసేస్తున్న ముసలాయన దగ్గర కెమెరా, స్టాండు తీసుకుంది. ఆయన గోదాములో పాత ఫ్లాషు బల్బులు ఒక అట్టపెట్టె నిండా ఉంటే, ఎవరికీ పనికిరావని అవీ ఇచ్చేశాడు. గాజు గుడ్డులాంటి బల్బులు. ఒక్కటి ఒక్కసారే పేలుతుంది, తర్వాత చెత్తబుట్టకే. అలాంటివి ఇక బజారులో దొరకవు. ఆవిడ మాత్రం వాటిని కోడిగుడ్లకంటే భద్రంగా సర్దుకుంది. తర్వాత మా ఇల్లు మాకు కాకుండా పోయింది. మెట్లకింద గది గుహ, స్నానాలగది గుహ, బీరువా వెనక సందు గుహ. అన్నయ్య బల్బు పేల్చి వేలు కాల్చుకున్నాడు. నన్ను బియ్యం డబ్బాల మధ్య దాక్కోమని "చీకటి" అనేది. పక్కింటివాళ్ళు మా కిటికీల్లో పగటిపూట మెరుపులు చూసి, "మీ వదినకి బాగానే ఉందా?" అని నన్ను నెమ్మదిగా అడిగారు. "మీకంటే బాగుంది" అన్నాను.

అప్పుడే ఆనకట్ట వార్త వచ్చింది. కొండల అవతల కట్టిన ఆనకట్టలో ఆ వానాకాలం మొదటిసారి నీళ్ళు నింపుతారు. నీళ్ళు పైకొస్తే పెద్దగదికి వెళ్ళే గుహ నోరు మునిగిపోతుంది. మునిగితే ఇక తేలదు. వానలకు ముందు ఒక్కసారి క్లబ్బంతా దిగి, ఆఖరి ఫోటో తీయాలని కెప్టెన్ నిర్ణయించాడు.

వదిన ఆయన కొట్టుకు వెళ్ళి, "ఈసారి నేను నిలబడను అన్నయ్యగారూ. నేనూ ఒక ఫోటో తీసుకుంటాను" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన తెల్లరంగులో నీలం కలుపుతున్నాడు. కర్రతో తిప్పడం ఆపలేదు.

"ఎవరిని నిలబెడతావు?"

"ఎవర్నీ నిలబెట్టను."

"మనిషి లేకపోతే గది ఎంత పెద్దదో ఎవడికి తెలుస్తుంది చెల్లెమ్మా?"

"తెలియకపోతే ఏమైంది? అదేమన్నా అద్దెకిచ్చే గదా, కొలతలు చెప్పడానికి?"

ఆయన నవ్వేశాడు. ఆవిడ మాటను మాటగా తీసుకోలేదు. ఆ వారం క్లబ్బులో కొత్తగా చేరిన బాస్కెట్‌బాల్ కోచ్‌కు ఎర్ర స్వెట్టరు తొడిగి, పెద్దగదిలో నిలబెట్టి ఒక ఫోటో తీసి చూసుకున్నాడు. కోచ్ తాటిచెట్టంత మనిషి. స్వెట్టరు ఆయనకు బొడ్డుదాకా వచ్చింది. ఫోటోలో మా పెద్దగది బస్సులు పెట్టే షెడ్డులా తయారైంది. చూసినవాళ్ళు "ఇంతేనా?" అన్నారు. నాకు కడుపు చల్లబడింది.

అప్పుడు కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఆఖరిసారి చెల్లెమ్మా. నువ్వు లేకపోతే ఆ గదికి అందం లేదు" అన్నాడు. అన్నయ్య పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. టీ కప్పులు తీసుకొస్తానని వంటింట్లోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు.

"అందం గదిదా, పొట్టిదనానిదా?" అంది వదిన. "వస్తాను. మొదట నా ఫోటో. తర్వాత మీరు ఎంతసేపు తీసుకున్నా లైటు ఆర్పుకుని కూర్చుంటాను. నిలబడటం మాత్రం జరగదు."

"అక్కడికి వచ్చాక చూద్దాంలే" అన్నాడు ఆయన. ఆ మాటకు అర్థం ఒక్కటే. అక్కడికి వస్తే గుహ ఆయనది.

ఆ ఆదివారం ఉదయమే దిగాం. ముందు తాళ్ళు, తర్వాత బంకమట్టి, ఆ తర్వాత మేం పోస్టుడబ్బా అనే అడ్డపు సందు. దాంట్లోంచి ఉత్తరంలాగా పడుకుని జారాలి. వదిన కెమెరా సంచిని ముందు తోసి, వెనకాల తాను జారింది. అటువైపు పెద్దగది. ముందు చల్లటి గాలి ముఖానికి తగులుతుంది, తర్వాత మన దగ్గు మనకే ఆలస్యంగా తిరిగి వినిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది పెద్దగదిలోకి వచ్చామని.

కెప్టెన్ ఎప్పుడూ పెట్టే చోటే తన స్టాండు పెట్టాడు. వదిన తన స్టాండును గది అవతలి కొసన, మట్టిదిబ్బ మీద పెట్టింది. అది ఆవిడ ఇన్నేళ్ళు నిలబడ్డ చోటు. అక్కడినుంచి కెమెరాను వెనక్కి తిప్పింది. ఆవిడ వీపు చూసిన వైపంతా ఇప్పుడు ఆవిడ కెమెరా చూస్తోంది. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు ఇదంతా వదిన పంతంలాగే ఉంది. ఆ స్టాండు అక్కడ పెట్టడం చూశాక ఆవిడకు ఆ ఫోటో ఎంత కావాలో అర్థమైంది. అది ఈరోజు రాకపోతే ఇక రాదు.

"సరే, సరదా తీర్చుకో" అని కెప్టెన్ పక్కకు తప్పుకున్నాడు. నేను, అన్నయ్య, కోచ్, ఇంకో ఇద్దరు బల్బులు పట్టుకుని రాళ్ళ వెనకాలకు చేరాం. వదిన లెన్సు తుడిచింది. లోపల మన ఊపిరే ఆవిరై లెన్సు మీద పేరుకుంటుంది. ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదిలి, "చీకటి" అంది.

లైట్లన్నీ ఆరాయి. కెప్టెన్‌ది కూడా ఆరింది. మేం ఒకరి తర్వాత ఒకరం బల్బులు పేల్చాం. పేలిన ప్రతిసారీ ఒక మూల తెల్లగా మెరిసి మాయమైంది. అట్టపెట్టెలో సగం అయిపోయాయి. "మూసెయ్" అన్నాడు అన్నయ్య. షట్టరు చప్పుడు రాలేదు. నేను లైటు వేసి పరుగెత్తాను. వదిన స్టాండు పక్కన నిటారుగా, చేతులు ఒంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"ఏమైంది వదినా?"

"తెరవలేదు" అంది. "చీకటి అనగానే నిలబడిపోయాను. షట్టరు తెరవలేదు."

ఎవరికైనా నవ్వొచ్చే మాటే. ఆ కేక తన నోటినుంచే వచ్చినా, ఆవిడ ఒంటికి తెలిసింది ఒక్కటే: ఆ కేక వినబడితే నిలబడాలి. మాకెవరికీ నవ్వు రాలేదు. కెప్టెన్ ఒక్కడే నవ్వాడు. ఎగతాళిగా కాదు, పాపం జాలిగానే నవ్వాడు. అదే ఎక్కువ మండించింది నన్ను.

"పాత అలవాటు చెల్లెమ్మా. నీకు నిలబడటమే వచ్చు. బల్బులు వృథా చేయకు. రా, వచ్చి నీ చోట నిలబడు."

"నా చోటు ఇదే. నిలబడే ఉన్నాను" అంది వదిన. "మళ్ళీ తీస్తాను."

"ఇప్పుడు నా వంతు."

"నాది అవలేదు అన్నయ్యగారూ."

కెప్టెన్‌కు అంతమందిలో ఎదురు చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన తన స్టాండు దగ్గరికి నడిచి, కెమెరా పెట్టె మీద కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. తలమీది లైటు ఆయన మోకాళ్ళ మీద పడుతోంది.

"నా లైటు ఆరదు" అన్నాడు. "ఎవరు చీకటన్నా సరే."

చెప్పాను కదా, గుహలో ఫోటోకు అందరి చీకటీ కావాలి. ఒక్కరు ఇవ్వకపోయినా ఫోటో లేదు. షట్టరు తెరిచి ఉండగా ఒక లైటు అటూ ఇటూ కదిలితే ఫిల్ము మీద సున్నం చల్లినట్టు తెల్లటి చారలు పడతాయి. ఆయన కూర్చున్నది సరిగ్గా వదిన కెమెరాకు ఎదురుగా. తల ఒక్కసారి తిప్పితే చాలు, ఆవిడ ఆశ అంతటితో సరి. అది ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ గదిలో రాజులెవరూ లేరు, మొండివాళ్ళు మాత్రం ఇద్దరున్నారు.

అన్నయ్య దిబ్బ ఎక్కి వచ్చి గుసగుసగా, "పోనీలేవే. ఒక్కసారి నిలబడితే ఏం పోతుంది?" అన్నాడు.

"నేను పోతాను" అంది ఆవిడ. "నువ్వు బల్బు పట్టుకుని ఆ రాయి వెనక్కి పో."

అన్నయ్య వెళ్ళాడు. పెళ్ళైనప్పటినుంచి ఆ గొంతును ధిక్కరించినవాడు కాదు. వదిన వంగి కెమెరాలోంచి చాలాసేపు చూసింది. ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. తర్వాత వెలుగు తక్కువ పడేలా లెన్సు కంతను కొంచెం చిన్నది చేసి, తన ఎర్ర ఉన్ని టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"చీకటి" అంది.

కెప్టెన్ లైటు తప్ప అన్నీ ఆరాయి. ఈసారి షట్టరు తెరుచుకున్న చప్పుడు నేను విన్నాను. గదంతా వినిపించింది. ఆ వెంటనే ఇంకో గొంతు వినిపించింది. గుహలో ఎవరూ ఎన్నడూ వినని గొంతు అది. ఇనుప తలుపు వెనకాలనుంచి వచ్చే గొంతు.

"ఊపిరి బిగబట్టండి. కదలకండి."

కెప్టెన్ కదల్లేదు. మొదటి బల్బు పేలింది. మెరుపుకూ మెరుపుకూ మధ్య ఆయన లైటు ఫిల్ము మీద పడకుండా వదిన టోపీతో లెన్సు మూసి, "వదలండి" అంది. గదిలో నలుమూలలా ఊపిర్లు వదిలిన చప్పుడైంది, ఆయనది కూడా. కొత్త బల్బు బిగించగానే మళ్ళీ "బిగబట్టండి. కదలకండి." టోపీ తీసింది. మెరుపు. టోపీ పెట్టింది. "వదలండి." అలా ఒక్కో మూలా, ఒక్కో గోడా, పైకప్పు నుంచి వేలాడే రాళ్ళ వెనకాలా, మిగిలిన బల్బులన్నీ అయిపోయేదాకా సాగింది. అంతసేపూ కెప్టెన్ చేతులు కట్టుకుని, మోకాళ్ళ మీద వెలుగుతో, చెక్కిన బొమ్మలా కూర్చున్నాడు.

ఎందుకు కదల్లేదని తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ గొంతుకు లొంగాడని అన్నయ్య అంటాడు. నేను అలా అనుకోను. ఆయన లైటు ఆర్పనన్నాడు, ఫోటో చెడగొడదామనే కూర్చున్నాడు. కానీ షట్టరు తెరుచుకున్న చప్పుడు చెవిన పడ్డాక కదలడం ఆయన ఒంట్లో లేదు. చీకటి అనగానే వదిన ఎలా నిలబడిపోయిందో, ఆ చప్పుడు వినగానే ఆయన అలా బిగుసుకుపోయాడు. ఆవిడ అలవాటు ఆవిడ ఫోటోను పోగొట్టింది, ఆయన అలవాటు తెచ్చిపెట్టింది.

"అయింది" అని షట్టరు మూసింది వదిన. "మీ వంతు అన్నయ్యగారూ." ఎర్ర స్వెట్టరు మళ్ళీ కోచ్ వేసుకున్నాడు. మాట ఇచ్చినట్టే వదిన లైటు ఆర్పి, ఒక మూల రాయి మీద కూర్చుని, కెప్టెన్ పని పూర్తయ్యేదాకా లేవలేదు.

వానలు తొందరగా వచ్చాయి. నీళ్ళు గుహ నోటిదాకా వచ్చాయని ఒకరోజు, మునిగిందని ఇంకోరోజు విన్నాం. ఆ వారం వదిన స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్రబల్బు పెట్టి, తొట్టెలు సర్దింది. నేను తలుపు దగ్గర కాపలా. తెల్ల కాగితాన్ని మందునీళ్ళలో వేసి, తొట్టెను మెల్లగా ఊపుతూ ఉంటే మొదట కెప్టెన్ లైటు చుట్టూ మసక కమ్మింది. ఆ మసకలోంచి లైటు మిరియపు గింజంత తెల్లగా మిగిలింది. దాని కింద మోకాళ్ళు, కట్టుకున్న చేతులు. తర్వాత గోడలు రావడం మొదలైంది. వస్తూనే ఉన్నాయి. పైకప్పు కాగితం అంచుదాకా వెళ్ళింది. కెప్టెన్ ఫోటోల్లో ఎన్నడూ రాని వైపున, మా లైట్లు అందని ఎత్తులో, తెరలు తెరలుగా రాళ్ళు వేలాడుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఇన్నేళ్ళు ఆ గదిలో అన్నం మూట విప్పుకుని తిన్నాం, నవ్వుకున్నాం, పోట్లాడుకున్నాం. ఎక్కడ కూర్చున్నామో మాకు తెలియనే తెలియదు.

"ఇదా" అంది వదిన. "ఇంతుందా" అంది. తొట్టె ఊపడం ఆపలేదు. చెంపల మీది తడిని మోచేత్తో తుడుచుకుంది.

కాగితాన్ని నీళ్ళలో కడుగుతుండగా తలుపు తట్టారు. కెప్టెన్. ఫోటో ఈరోజు కడుగుతున్నారని అన్నయ్య ఎక్కడో నోరు జారాడు. ఆయన చెప్పులు విప్పి నేరుగా లోపలికి వచ్చాడు. వదిన తడి ఫోటోను రెండు అంచులూ పట్టుకుని ఆయన చేతికిచ్చింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. పైకప్పు చూశాడు, గోడలు చూశాడు. చివరికి చూపు కిందికి దిగి ఒకచోట ఆగింది.

"ఇది నేనేనా?"

"మీరే."

"ఇంత చిన్నగానా?"

"అక్కడ అందరం అంతే అన్నయ్యగారూ. మీరెప్పుడూ కెమెరా వెనకాలే ఉన్నారుగా, అందుకని తెలియలేదు."

"బాగా తీశావు" అన్నాడు. ఆ మాట ఆయన నోట మేం అంతవరకు వినలేదు. "కింద క్లబ్బు పేరు వేద్దాం."

"వద్దు. ఇది నాది."

ఆయన తల ఊపాడు. మళ్ళీ ఆ చిన్న బొమ్మనే చూస్తూ, "మనిషి లేని ఫోటో కావాలన్నావు. నన్ను కత్తిరించెయ్. కింద అంచు ఒక్క వేలెడు తీసేస్తే నేనుండను, గదికి వచ్చే నష్టం లేదు" అన్నాడు.

"కత్తిరిద్దామనే అనుకున్నాను. చేతికి రాలేదు" అంది వదిన. "ఆ రోజు అంతమందిలో నా మాట వినని లైటు అదొక్కటే. ఉండనివ్వండి."

ఫోటో ఇంకా తడిగానే ఉంది. అన్నయ్య తాడు కట్టి క్లిప్పులు తెచ్చేదాకా కెప్టెన్ దాన్ని అంచులు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.